నాచు ముద్దలో ఉన్నది నేనే

చల్లగా ఉన్నంతసేపూ నేను ఒక బూజుని. వెచ్చబడ్డాక నన్నేమని పిలవాలో మీరే చూసుకోండి.

బూజు అనగానే మీకు ఆవకాయ జాడీ గుర్తొస్తుంది. వానకి తడిసి మూలపడ్డ చెప్పు గుర్తొస్తుంది. వాళ్ళంతా ఒకటే వేషం వాళ్ళు. పుట్టినప్పుడూ బూజే, పోయినప్పుడూ బూజే. నాకు వేషాలు రెండు. చల్లటి చోట సన్నటి దారాలు సాగదీసుకుంటూ, వాటి కొసల్లో పువ్వుల్లాగా గింజలు కాసుకుంటూ ఉంటాను. దుమ్ముకన్నా సన్నటి గింజలు. మనిషి ఒంట్లో పడి ఆ వేడి తగిలిందా, దారాలు మానేసి కోలగా, గింజకట్టినట్టు అయిపోతాను. తాటికల్లుని పొంగించే ఈస్టు ఉంటుందే, దాదాపు అలాగ. తల్లి పక్కన పిల్ల మొటిమలాగా లేచి విడిపోతుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ఒకరి మొహం ఒకరు ఎరగనట్టు ఉంటాయి. రెండూ నేనే.

ఇలాంటి వేషాలవాళ్ళు నా తరఫువాళ్ళు ఇంకొందరున్నారు. ఒకడు గబ్బిలాల పెంటలోనూ కోళ్ళగూళ్ళ కింది మట్టిలోనూ ఉంటాడు. ఊడ్చేటప్పుడు దుమ్ముతో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాడు. ఇంకొకడు ఈశాన్యం కొండల్లో వెదురెలకల బొరియల దగ్గర కాపురం. ఒంట్లో సత్తువ పోయినవాళ్ళని కనిపెట్టి పట్టుకుంటాడు. వాళ్ళు ప్రాణాలే తీస్తారు. నేను ముల్లుతో వెళ్తాను, చాలావరకు చర్మం దగ్గరే నా వ్యవహారం. ఈ మాట ముందే చెప్పేస్తే నన్ను కాస్త తక్కువ అనుమానిస్తారేమోనని చెప్పాను. నమ్మకపోయినా ఫరవాలేదు. నేనూ ఎవర్నీ నమ్మను.

ఇంకొకటి. నేను ఒక్కచోట ఉండే రకం కాదు. నా దారం ముక్క ఎక్కడ పడితే అక్కడ నేనే. అందుకని తొట్టిలో జరిగిందీ, చేతిలో జరిగిందీ, ఆసుపత్రి గాజు గొట్టంలో జరిగిందీ అన్నీ నేనే చెప్తాను.

పుట్టింది ఎక్కడో ఎత్తు కొండల్లో, ఎండ పడని రాతి మీద. ఆ రాతికి దుప్పటి కప్పినట్టు నాచు ఉండేది. ఆ నాచులో నేను. ఎవరి జోలికీ పోలేదు. ఎండిన ఆకు కొంచెం, చచ్చిన నాచు కొంచెం, అదే నా తిండి. ఒకనాడు మనుషులొచ్చి దుప్పటి లాగేశారు. ఎండబెట్టారు, గోనెల్లో కుక్కారు. ఎవరడిగారు వాళ్ళని? ఇన్ని చేసినవాళ్ళే తరవాత నన్ను దొంగ అన్నారు.

లారీలో నెత్తిమీద నెత్తి పెట్టుకుని వచ్చి గోదావరి కాలవ గట్టున దిగాను. అక్కడ కాలవ పొడుగునా మొక్కల నర్సరీలే. నన్ను కొన్నది వీరభద్రం గారి నర్సరీ. సిమెంటు తొట్టిలో నీళ్ళుపోసి మమ్మల్ని నానేశారు. పైన తాటాకు పందిరి. చల్లగా ఉంది. బానే ఉందనుకున్నాను.

తొట్టి పక్కన గోనెపట్టా పరుచుకుని ఇద్దరు ఆడవాళ్ళు కూర్చునేవారు. పెద్దావిడ మరిడమ్మ. అంటు కట్టడంలో ఆ పందిరికి ఆవిడే మేస్త్రి. రెండో మనిషి కుమారి, మరిడమ్మ తోటికోడలు. కుమారి మొగుడు లారీ మీద మొక్కలు తోలుతూ నెలల తరబడి ఊళ్ళో ఉండడు. ఆడవాళ్ళిద్దరిదీ ఒకటే పెరడు, ఒకటే పంపు, ఒకటే అత్త.

వాళ్ళ పని ఇదీ. బతికున్న కొమ్మకి వేలెడంత మేర చుట్టూ బెరడు ఒలుస్తారు. ఒలిచిన చోట తడినాచు ముద్ద పెట్టి, పైన ప్లాస్టిక్ పట్టీ చుట్టి బిగించి ముడేస్తారు. కొన్నాళ్ళకి అక్కడ వేళ్ళు దిగుతాయి. అప్పుడు కొమ్మ కోసి కుండీలో పెడితే అదో కొత్త మొక్క. మరిడమ్మ చూపుడువేలు పట్టీ మీద తిరుగుతుంటే చూడాలి. ఆ వేలు లేకపోతే ముడి లేదు. ముడి లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి లేదు. మొగుడు తాతారావు కంచెలకి తీగ బిగించే పనివాడు, పని ఉన్ననాడు ఉంటుంది, లేనినాడు లేదు.

ఆ పందిళ్ళ కింద ఇంకో అలవాటుంది. ముల్లు దిగి నెత్తురొస్తే ఎవరూ మందుకి పరిగెత్తరు. తొట్టిలోంచి నాచు ముద్ద పిండి గాయం మీద పెట్టి, అదే పట్టీతో, అదే ముడితో కట్టేస్తారు. కొమ్మకి మంచిదైనది చేతికి చెడ్డదెలా అవుతుంది? అదీ వాళ్ళ లెక్క. కొమ్మకీ చేతికీ మధ్య తేడా ఒక్కటే. చెయ్యి వెచ్చగా ఉంటుంది. ఆ ఒక్కటీ నాకు తెలుసు, వాళ్ళకి తెలియదు.

వానలు మొదలయ్యాయి. గులాబీలకి అంటు కట్టే రోజులు. మరిడమ్మ కుడిచేతి చూపుడువేలికి ముల్లు దిగింది. లోతుగానే.

"అబ్బా!" అంది.

"ఏటక్కా, గులాబీకి కూడా నువ్వంటే ప్రేవేనా? ఇటియ్యి సెయ్యి," అని కుమారి నవ్వుతూ వేలు పట్టుకుంది.

"వొద్దులేయే, అదే ఆగుద్ది."

"ఆగదు. మేస్త్రమ్మ వేలు కారిపోతంటే మేం సూత్తా కూకోవాలా?"

తొట్టిలో చెయ్యిపెట్టి గుప్పెడు తీసింది. ఆ గుప్పెట్లో నేనున్నాను. గట్టిగా పిండి, వేలి మీద అద్ది, పట్టీ చుట్టి, ముడి బిగించింది. కుమారి ముడి కొస కిందకి మడుస్తుంది. మరిడమ్మది పైకి ఉంటుంది. ఆ పందిట్లో ఎవరి ముడి ఎవరిదో చూస్తే చెప్పేస్తారు.

పొద్దుగూకేదాకా ఆ కట్టు తియ్యలేదు. నాకు అంత వ్యవధి అక్కర్లేదు.

లోపలికి పోయాక ఏం జరిగిందో చెప్తాను. వేడి తగిలింది. కొండరాతి మీద అలాంటి వేడి నేనెరగను. దారాలు ముడుచుకుపోయాయి. ఒళ్ళు కోలగా మారిపోయింది. నేను కావాలని మారలేదు, మారకపోతే చచ్చేవాణ్ణి. ఒంట్లో కావలివాళ్ళుంటారు. వాళ్ళు నాకన్నా అనుమానప్పక్షులు. కొత్తమొహం కనిపిస్తే చాలు, ఎవరు, ఎక్కడనుంచి అని అడగరు, మింగేస్తారు. నన్నూ మింగారు. కాని నా కొత్త వేషం వాళ్ళకి సరిగ్గా అరగలేదు. మింగినవాడి కడుపులోనే కూర్చున్నాను. అక్కడే పిల్లల్ని పెట్టాను. వాడు నన్ను మోసుకుంటూ చర్మం కింద నీరు పారే సన్నకాలవల్లో పైకి నడిచాడు. గోదావరి కాలవకి లాకులున్నట్టు చేతిలో ఆ కాలవలకీ మజిలీలున్నాయి. మజిలీ మజిలీకీ నేను దిగాను.

బయటివాళ్ళకి కనిపించింది వేరు. కొన్ని వారాలకి, గాయం మాట మరిచిపోయాక, వేలిమీద ఎర్రటి పొక్కు లేచింది. పగిలి పుండయింది. నొప్పి పెద్దగా లేదు, జ్వరం లేదు. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు సెగగడ్డన్నాడు, బిళ్ళలిచ్చాడు. అవి నాకు తగిలే బిళ్ళలు కావు. వేలినుంచి మణికట్టుకి, మణికట్టునుంచి పైకి, చర్మం కింద కాయలు వరసకట్టాయి. ఒక్కొక్కటీ ఉడికి పగలడం మొదలెట్టింది.

అప్పుడు మొదలయ్యాయి చూపులు.

వీరభద్రం గారు చెడ్డవాడు కాదు. భయస్తుడు. తొట్టి దగ్గరికొచ్చి ఎటో చూస్తూ అన్నాడు. "మరిడమ్మా, ఏమనుకోకు. మొక్కలకొచ్చినోళ్ళు నీ చెయ్యి చూసి వెనక్కెళ్ళిపోతున్నారు. తగ్గేదాకా ఇంటిదగ్గరుండు. మేస్త్రి పని కుమారి చూసుకుంటుందిలే."

"పెద్దరోగవంటారేటండి?" అని అడిగింది మరిడమ్మ.

"నేననలేదు," అన్నాడాయన. అననివన్నీ ఆ మాటలో ఉన్నాయి.

ఇంట్లో అత్త పాపాయమ్మ ఆమె కంచం వేరే పెట్టింది. చెంబు వేరే పెట్టింది. నేను ఒకరి చేతినుంచి ఇంకొకరి కంచంలోకి గెంతేవాణ్ణి కాదు. ఒకసారి ఒంట్లో పడ్డానా, అక్కడే నా దారి మూసుకుపోయినట్టు. కాని ఆ సంగతి చెప్పడానికి నన్నెవరడిగారు? ఆ ఇంట్లో నేను తప్ప అందరూ అనుమానంలో పడ్డారు.

పాపాయమ్మ అనుమానం మెల్లగా ఒక దారి పట్టింది. ఆ వైపు చేతబడిని చిల్లంగి అంటారు. ఒకనాడు పెరట్లో, కుమారి పంపు దగ్గర ఉందని తెలిసే, గొంతు పెంచి అంది. "పుండు కిందనుంచి పైకి ఎక్కడం ఎక్కడైనా సూశామా? గుండెకాయ ఎతుక్కుంటా ఎల్తంది. దీంతో ఎవరికి లాభం వొచ్చిందో సూసుకోండి. మేస్త్రి పీట మీద ఎవరు కూకున్నారో సూసుకోండి."

బిందె నిండి పొంగిపోతున్నా కుమారి పంపు కట్టలేదు.

"అమ్మా, నోరు మూసుకో," అన్నాడు తాతారావు. అన్నాడే కాని, నడుముకి వేలాడే కటింగ్ ప్లయరు మీద చెయ్యి వేసి తీయకుండా అలాగే ఉన్నాడు. తీగ కత్తిరించే ప్లయరది. చిల్లంగి పెట్టినవాళ్ళకి పళ్ళు ఊడబీకితే మంత్రం నోట తిరగదని ఆ పక్క ఒక నమ్మకం. తాతారావు చూపు కుమారి గుమ్మం మీదికి పోవడం, ప్లయరు మీదికి రావడం మరిడమ్మ చూసింది.

"ముందు వేలికి గాయవైన్నాడు ఆ కట్టు ఎవరు కట్టారే?" అని పాపాయమ్మ మరిడమ్మని పట్టుకుంది.

మరిడమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం నేను ఆమె చేతిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నాను, ఆమె నెత్తురు కూడా చల్లబడింది. వొద్దంటే వినకుండా చెయ్యి లాక్కుని కట్టింది కుమారే. ఎందుకంత పట్టుబట్టింది? నవ్వింది కూడా. ఎందుకు నవ్వింది? ఆమెకీ అనుమానం పుట్టింది. పుట్టిందని తెలిసి ఆమెకే సిగ్గేసింది.

"ఎవరూ కట్టలేదు. అది పనిలో అయింది కాదు. పులస కాదులే, ఏదో కాలవ చేప, శుభ్రం చేత్తంటే ముల్లు దిగింది," అంది.

అలా గులాబీ ముల్లు చేపముల్లయింది. తోటికోడలి పళ్ళు కాపాడటానికి ఆడిన అబద్ధం అది. నాకు మాత్రం అంతకన్నా మంచి గొడుగు దొరకలేదు.

పట్నంలో ఒక డాక్టరు చూసి, పుండు మొండిది, మందుకి లొంగేలా లేదు, వేలు తీసేస్తే మంచిది, ఆలస్యమైతే ఇంకా పైకి తియ్యాల్సి రావచ్చు అన్నాడు. మరిడమ్మ ఇంటికొచ్చి ఎడమచేత్తో పట్టీ ముడేసి చూసింది. జారిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ జారింది. పట్టీని పొయ్యిలో పడేసింది.

తరవాత జిల్లా పెద్దాసుపత్రికెళ్ళారు. చర్మం డాక్టరమ్మ పేరు రెహానా. ఆవిడ ముందు సూదికొనతో పుండు చుట్టూ గుచ్చి, "తెలుస్తోందా?" అని అడిగింది.

"ఆయ్, తెలుత్తందండి. చురుక్కుమంటంది."

"అయితే కుష్ఠు కాదు. కంచం కలిపేసుకోండి," అంది డాక్టరమ్మ పాపాయమ్మ వైపు చూడకుండానే. కంచాల సంగతి ఆవిడకెలా తెలిసిందో. ఇలాంటి చేతులు చాలా చూసుంటుంది.

"ఏం గుచ్చుకుంది?"

"చేపముల్లండి."

"చేపముల్లేనా? తోట పనేమైనా చేస్తావా?"

పక్కన తాతారావు. వెనక పాపాయమ్మ. మరిడమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇంట్లో ఉంటానండి. చేపముల్లేనండి."

చేతిమీద కాయలు ఇలా వరసగా ఎక్కించేవాళ్ళం మేం ఇద్దరు ముగ్గురం ఉన్నాం. చేపల నీళ్ళలో ఉండే ఒక క్రిమికి కూడా ఇదే పని. డాక్టరమ్మ దానికి మందు రాసింది. ఆవిడ తప్పేం లేదు. చూపిన వైపు చూసింది. నేను చేతిలో కూర్చుని ఆ మందు పక్కనుంచి పోతుంటే చూశాను. మోచెయ్యి దగ్గర కొత్త మజిలీ వేశాను.

మళ్ళీ రమ్మన్న రోజు దగ్గరపడింది. ఈసారి తగ్గకపోతే కోత డాక్టర్లతో మాట్లాడాల్సి వస్తుందని ముందే చెప్పారు. బయల్దేరే ముందురోజు సాయంత్రం తాతారావు పెరట్లో కూర్చుని ప్లయరుకి నూనె రాస్తున్నాడు. తలెత్తకుండా, కుమారి గుమ్మానికి వినపడేలా అన్నాడు. "వేలు పోయిందంటే, ఇంకోళ్ళయి కూడా పోతాయి."

పుట్టింటికి వెళ్ళిపోయినా కుమారిని ఆపేవాళ్ళు లేరు. తెల్లారేసరికి ఆమె ఇంట్లో లేదు. పాపాయమ్మ తాళం చూసి, "సూశావా, పారిపోయింది," అంది. మరిడమ్మ దారంతా బస్సు కిటికీలోంచి బయటికే చూసింది. పారిపోయిందంటే తప్పు చేసినట్టా? భయపడ్డట్టా? నాకు జవాబు తెలుసు. కుమారి వెనక బస్సులో వస్తోంది. ఆమె ఒళ్ళో స్టీలు క్యారేజీ ఉంది. క్యారేజీలో నేనున్నాను.

డాక్టరమ్మ చెయ్యి తిప్పి తిప్పి చూస్తూండగా తలుపు దగ్గర అలికిడయింది. ఆయా ఆపుతున్నా కుమారి లోపలికొచ్చేసింది. నుదురంతా చెమట.

"అక్క అబద్ధం సెప్తందండి," అంది. "చేపముల్లు కాదండి. గులాబీ ముల్లండి. నా ఎదురుగానే దిగింది. కట్టు కట్టింది నేనేనండి."

మరిడమ్మ కళ్ళు మూసుకుంది.

పాపాయమ్మ బెంచీమీంచి లేచిపోయింది. "ఇన్నారా! దాని నోటితోనే ఒప్పుకుంది! ఏం కట్టిందో అడగండమ్మా, ఏం పెట్టి కట్టిందో అడగండి!"

"నేను అడుగుతాను, మీరు కూర్చోండి," అంది రెహానా. "ఏం పెట్టి కట్టావమ్మా?"

కుమారి క్యారేజీ మూత తీసింది. "ఇదేనండి. అంటుకి కట్టే నాచు. ఇలా పెట్టి, ఇలా కట్టానండి." తన వేలిమీదే పెట్టి చూపించబోయింది.

"ఆగు!" అని డాక్టరమ్మ అరిచినంత పని చేసింది. చెయ్యి పట్టుకుని ఆపింది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఒక మనిషి నావైపు నేరుగా చూసింది. నాకు నచ్చలేదు ఆ చూపు.

"చేతికి ఇది ఎందుకు కట్టారు?"

"మేవందరం ఇదే కడతావండి. నెత్తురాగుద్ది. సల్లగా ఉంటది."

"ఎవరు చెప్పారు?"

కుమారి అత్త వైపు తిరిగింది. "అత్తే నేర్పిందండి. మా ఇద్దరికీ. పెళ్ళయి వొచ్చిన కొత్తలో."

పాపాయమ్మ ఒకప్పుడు ఆ పందిట్లోనే మేస్త్రి. ఆవిడ చేతులు తనకి తెలియకుండానే కొంగులోకి పోయాయి. "నేనెన్నిసార్లు కట్టుకోలేదు? నాకేటయింది?" అంది, ఈసారి చిన్నగొంతుతో.

"అన్నిసార్లూ అవ్వదమ్మా. ఒక్కసారి చాలు," అంది డాక్టరమ్మ. "నాది కూడా అనుమానమే. నాచులో ఒక బూజుంటుంది, అదేమోనని. ఈ చేతిలోంచి చిన్న ముక్క తీస్తాను. ఈ నాచులోంచి కొంచెం తీస్తాను. రెండూ పెంచి చూద్దాం. అందాకా వేలు జోలికి ఎవరూ వెళ్ళరు."

ఆవిడది వేరే రకం అనుమానం. రుజువయ్యేదాకా తనని తానే నమ్మదు. అలాంటివాళ్ళంటే నాకు భయం.

"మరి బూజు మొలవకపోతే?" అని అడిగాడు తాతారావు. అతను ఆ గదిలో మాట్లాడింది అదొక్కటే. అడుగుతూ కుమారి వైపు చూశాడు. మొలవకపోతే ఏమవుతుందో ఆ గదిలో ఒక్క డాక్టరమ్మకే తెలియదు.

గాజు గొట్టాల్లో తీపి కలిపిన జిగురు మేత పోశారు. చేతిముక్కా నాచు పీచూ వేరువేరుగా వేశారు. కొన్ని గొట్టాలు చల్లగా ఉండే అరలో, కొన్ని ఒంటివేడి ఉండే పెట్టెలో. నేను కూర్చుని ఆలోచించాను. నేను పెరగక్కర్లేదు. నోరు మూసుకుని ఉంటే చాలు. అప్పుడు పుండు పుండుగానే ఉంటుంది, వేలు పోతుంది, కుమారి పళ్ళు పోతాయి, నన్నెవరూ ఏమీ అనరు. తొట్టిలో నా కాపురం నాది. మనుషుల్లో తెలివైనవాడు ఎవడైనా అదే చేస్తాడు. కాని నాకా తెలివి లేదు. చల్లటి చోట కూర్చోబెట్టి తిండి పెడితే పెరగకుండా ఉండటం నాకు చేతకాదు.

ముందు తెల్లగా, తడిగా ఒక చుక్క. తరవాత దారాలు. తరవాత ముడతలు పడి, మధ్యలోంచి నలుపు తిరిగాను. వెచ్చటి పెట్టెలో ఉన్న నేను మీగడ ముద్దలా పెరిగాను. చేతి గొట్టంలోనూ నేనే, నాచు గొట్టంలోనూ నేనే.

డాక్టరమ్మ నలుగుర్నీ కూర్చోబెట్టి గొట్టాలు వెలుగులో పెట్టి చూపించింది. "ఇదిగో మీరు వెతుకుతున్న మనిషి."

పాపాయమ్మ గాజుకి దూరంగా తల పెట్టి చూసింది. "ఇది నల్లగుంది. అది తెల్లగుంది. రెండూ ఒకటేనంటే ఎలా నమ్మేదండి?"

"నేనూ నమ్మలేదు. అందుకే నల్లదాంట్లోంచి కొంచెం తీసి వెచ్చటి పెట్టెలో పెట్టాను. అది తెల్లబడింది. ఒంట్లోకెళ్ళి వేషం మారుస్తుంది, అంతే. ఇందులో ఎవరి మంత్రమూ లేదు. ఈ అమ్మాయి వచ్చి నిజం చెప్పకపోతే నేనింకా చేపముల్లు పట్టుకునే తిరిగేదాన్ని."

తాతారావు చాలాసేపు గొట్టం వంక చూశాడు. లేచి బయటికెళ్ళిపోయాడు. వరండాలో నిలబడి నడుముకున్న ప్లయరు తీసి, ఎక్కడ పెట్టాలో తోచక చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

తరవాత నా కథ చేతిలో కుదించుకుపోయింది. ఏదో ఉప్పుని నీళ్ళలో కరిగించిన మందు, పాలల్లో చుక్కలు వేసుకుని తాగమన్నారు. రోజూ కొంచెం పెంచుకుంటూ పోవాలి. నోరంతా ఇనుము నాకినట్టుంటుందని మరిడమ్మ మొహం చిట్లించేది. ముక్కు కారేది. ఆ మందు నన్నెలా చంపుతుందో డాక్టర్లకీ ఇప్పటికీ సరిగ్గా తెలియదట. తెలియని దాంతో చావడం నాకు మరీ చిన్నతనంగా అనిపించింది. దానికి తోడు వేడినీళ్ళ కాపడం. ఒంటివేడి అయితే నాకు సరిపోతుంది, అంతకు మించితే నిలవలేను. కుమారే గుడ్డ ముంచి, పిండి, వేసేది.

"కాల్తందే!"

"కాలాలక్కా. నాకు పళ్ళున్నంతకాలం నీకు కాపడం పెడతానే ఉంటా."

మరిడమ్మ నవ్వబోయి ఏడ్చింది. "నేను కూడా నిన్ను ఒక నిమిషం అనుమానించానే," అంది.

"తెలుసు. నీ మొహం నాకు తెలీదా? నా సేతుల్ని నేనే అనుమానించుకున్నాను. కట్టింది నేనే గదా."

మోచేతి దగ్గర కాయ ముందు అణిగింది. ఎక్కిన దారినే మజిలీ మజిలీ వదులుకుంటూ దిగాను. నెలలు పట్టింది. ఆఖరికి చూపుడువేలి మీద ఒక తెల్లమచ్చ మిగిలింది. వేలు వంగింది. ముడి పడింది. మరిడమ్మ పందిట్లోకి వెళ్ళిన రోజు కుమారి మేస్త్రి కూర్చునే గోనెపట్టా ఆమెవైపు జరిపి, తను పక్కన కూర్చుంది. వీరభద్రం గారు అందరికీ రబ్బరు తొడుగులు తెప్పించారు. ముడి తెలియడంలేదని ఆడవాళ్ళంతా ఆ తొడుగుల వేలికొసలు కత్తిరించేశారు. మనుషుల సంగతి మీకు నేను చెప్పేదేముంది.

మరిడమ్మ ఒక్కతే తొడుగుల్ని నమ్ముకోలేదు. తొట్టి దగ్గర నిలబడి నావంక చూసింది. తరవాత పందిరి వెనక మూడు రాళ్ళు పెట్టించి, ఒక పాత గుండిగ తెప్పించింది. దాని చెవి ఊడిపోతే తాతారావు తీగ తెచ్చి ప్లయరుతో మెలిపెట్టి కొత్త చెవి బిగించాడు. కుమారికి అందేలా ఆ చెవి ఆమెవైపు తిప్పి పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి కొత్త నాచు గోనె విప్పితే చాలు, ముందు గుండిగలో పడాల్సిందే. సలసల కాగాలి. కాస్త వెచ్చబడితే నేను మనిషి ఒళ్ళనుకుని వేషం మార్చేవాణ్ణి. ఆ వేడిలో వేషం మార్చడానికి కూడా వ్యవధి ఉండదు. ఇప్పుడు ఈ మాటలు చెప్తున్నది ఆసుపత్రి అలమరలో, మూత బిగించిన గొట్టంలో ఉన్న నేను. చీటీ అంటించారు. చదువుకునే పిల్లలొచ్చి చూసి పోతారు. డాక్టరమ్మ ఇప్పుడు ముల్లన్న మాట వినగానే "ఏ ముల్లు? పైన ఏం కట్టారు?" అని అడుగుతుంది. అడుగుతూ అలమర వైపు ఒక చూపు పడేస్తుంది. ఇంకా విప్పని గోనెల్లోనూ నేనున్నాను. అది ఆవిడకీ తెలుసు.

ఆ గోనెల్లో ఉన్న నేను చూసిందే ఈ ఆఖరి సంగతి. పొద్దున్నే గుండిగ కింద మంట మండుతోంది. తోటికోడళ్ళిద్దరూ అటూ ఇటూ కూర్చుని కర్రతో కలుపుతూ ఏదో గుసగుసలాడి నవ్వుకుంటున్నారు. నాచు ఆవిరి పచ్చివాసన దారిదాకా పోతోంది. కంచె అవతల ఇద్దరు ఆడవాళ్ళు బిందెలతో ఆగారు. ఒకావిడ గొంతు తగ్గించి, కోడళ్ళ వెంట వచ్చి పందిరి ఊడుస్తున్న పాపాయమ్మని పిలిచింది.

"పిన్నీ, రోజూ ఏటి వొండుతున్నారు మీ కోడళ్ళు? ఏదో ఆకు ఉడకేసి గొణుక్కుంటున్నారంట. ఊళ్ళో అనుకుంటున్నారు. కొంపదీసి చిల్లంగి..."

పాపాయమ్మ చీపురు పక్కన పెట్టింది. కంచె దగ్గరికంటా వెళ్ళింది.

"బూజు ఉడకేత్తన్నారే," అంది. "సెయ్యి సూపించు, నీ సేతికేదైనా కట్టుందా?"

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బూజునెవరైనా ఉడకబెడతారా? ముసిల్దాన్ని కూడా కలిపేసుకున్నారన్నమాట. బిందెలు ఎత్తుకుని, వెనక్కి వెనక్కి చూసుకుంటూ, గబగబా నడిచిపోయారు.

గోనె మూతి విప్పుతున్నది మరిడమ్మ. తెల్లమచ్చ ఉన్న వేలు ముందు లోపలికి రాలేదు. కర్ర వచ్చింది.